ఈత, సైకిలు, పరుగు: మొదటిసారి ట్రయాథ్లాన్‌కు వెళ్ళేవారికి ఒక పాఠం



గత సంవత్సరం బడులు తెరిచిన కొద్దిరోజులకు మన ఆసుపత్రి ఓ.పి.కి ఒక దంపతులు వచ్చారు. భర్తకు 46 ఏళ్ళు. హైస్కూలులో లెక్కల మాస్టారు. నాలుగేళ్ళుగా మా దగ్గరే బి.పి. మాత్రలు వాడుతున్నారు. ఆయన చేతిలో ఒక కాగితం ఉంది. ట్రయాథ్లాన్ అనే పోటీలో పాల్గొనడానికి ఆరోగ్యం బాగుందని డాక్టరు సంతకం చేయవలసిన కాగితం అది. ఆయన కుర్చీలో కూర్చోకముందే భార్య అందుకున్నారు.

"డాక్టరు గారూ, మీరు మాత్రం సంతకం పెట్టొద్దు. వద్దని గట్టిగా చెప్పండి. నా మాట ఆయన వినరు."

మేము ఆ రోజు సంతకం పెట్టలేదు. అలాగని వద్దని కూడా అనలేదు. ఇద్దరినీ కూర్చోబెట్టి కొన్ని సంగతులు చెప్పాము. ఈ మధ్య మన సంఘ కుటుంబాలలోని యువకులు, నడివయసువారు కూడా మారథాన్లకు, సైకిలు యాత్రలకు, ఇలాంటి పోటీలకు పేర్లు ఇస్తున్నారు. వారి ఇళ్ళలో కూడా ఇదే వాదన జరుగుతున్నట్టు వింటున్నాము. అందుకని ఆ రోజు చెప్పిన సంగతులనే ఈ సంచికలో పాఠంగా ఇస్తున్నాము.

అసలు ఏమిటీ పోటీ?

ముందు ఈత, వెంటనే సైకిలు, వెంటనే పరుగు. మధ్యలో విశ్రాంతి లేదు. బట్టలు, బూట్లు మార్చుకునే సమయం కూడా పోటీ సమయంలోనే కలుస్తుంది. 1974 సెప్టెంబరు 25న అమెరికాలోని శాన్ డియేగో నగరంలో మిషన్ బే అనే చోట ఒక పరుగుల క్లబ్బువారు దీన్ని మొదటగా నడిపారు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఇది ఒలింపిక్ ఆట అయింది. ఇందులో చాలా దూరాలున్నాయి. ఒలింపిక్ దూరం 1500 మీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిలు, 10 కిలోమీటర్ల పరుగు. ఐరన్‌మ్యాన్ అనేది 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, ఆపైన పూర్తి మారథాన్. 2019 అక్టోబరులో గోవాలో ఇందులో సగం దూరం పోటీ జరిగినప్పటి నుంచి మన దేశంలో దీని పేరు బాగా వినిపిస్తోంది.

మొదటిసారి వెళ్ళేవారు వీటి జోలికి పోకూడదు. వారికి తగినది స్ప్రింట్ దూరం. అంటే 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు, 5 కిలోమీటర్ల పరుగు. మామూలు మనిషి రెండు గంటలు, కొంచెం అటూ ఇటూగా ముగించగలడు. స్ప్రింట్ అంటే వేగంగా పరుగెత్తడమని అర్థం కదా అని మోసపోవద్దు. అది దూరానికి పెట్టిన పేరు మాత్రమే. మన మాస్టారు పేరు ఇచ్చినది ఈ దూరానికే, అయితే ఈత సముద్రంలో.

ఆమె భయం ఊరికే పుట్టింది కాదు

అమెరికాలో 1985 నుంచి 2016 వరకు జరిగిన ట్రయాథ్లాన్లలో హఠాత్తుగా చనిపోయినవారు, గుండె ఆగి మళ్ళీ బ్రతికినవారు, ప్రమాదాలలో పోయినవారు, అందరూ కలిపి 135 మంది అని వైద్యులు లెక్క తీసి 2017లో ప్రచురించారు. పాల్గొన్నవారి సంఖ్యతో చూస్తే లక్షకు ఇద్దరి కంటే తక్కువే. కాని ఆ లెక్కలో మూడు విషయాలు మన మాస్టారి భార్యకు చూపించాము, ఆయనకూ చూపించాము. వారి సగటు వయసు సుమారు 47. నూటికి 85 మంది మగవారు. 135లో 90 ఈతలోనే జరిగాయి. సైకిలులో, పరుగులో కాదు. శవపరీక్ష వివరాలు దొరికినవారిలో దాదాపు సగం మందికి గుండెలో అంతకుముందు నుంచే ఏదో ఒక లోపం ఉంది. వారిలో చాలామందికి ఆ సంగతి తెలియకపోయి ఉండవచ్చు.

కాబట్టి మొదటిసారి పోటీకి వెళ్ళేవారి వ్యూహం పోటీ రోజున మొదలు కాదు. డాక్టరు గదిలో మొదలవుతుంది. నడిచినా, మెట్లెక్కినా ఛాతీలో బరువు, శ్రమలో కళ్ళు తిరిగి పడిపోవడం, గుండె దడ, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోవడం: వీటిలో ఏది ఉన్నా దాచకుండా చెప్పాలి. 40 దాటినవారు, బి.పి., షుగరు ఉన్నవారు, పొగ త్రాగే అలవాటు ఉన్నవారు ఈ.సి.జి.తో ఆగకుండా, డాక్టరు అవసరమంటే ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోవాలి. మాస్టారికి ఇవన్నీ చేయించాము. బాగానే వచ్చాయి. బి.పి. మాత్రం 150 పైన ఉంది. "పరీక్ష పేపర్లు దిద్దే రోజులండీ" అన్నారు ఆయన. మాత్రలు సరిచేసి, అది అదుపులోకి వచ్చాకే సంతకమని చెప్పాము.

మందుల గురించి రెండు మాటలు. బి.పి. మాత్రలలో కొన్ని గుండె వేగాన్ని తగ్గిస్తాయి. అవి వాడేవారు చేతి గడియారం చూపే గుండె లెక్కను నమ్ముకోకూడదు. ఎంత శ్రమ పడినా అంకె అంతగా పెరగదు. కొన్ని మాత్రలు మూత్రం ద్వారా నీటిని, ఉప్పును బయటికి పంపుతాయి. ఎండలో పోటీకి అవి కుదరకపోవచ్చు. అలాగని పోటీ కోసం ఎవరంతట వారు మాత్రలు మానేయకూడదు. షుగరుకు ఇన్సులిన్, గ్లైమెపిరైడ్ వంటివి వాడేవారికి మధ్యలో షుగరు పడిపోతుంది. వారు డాక్టరుతో మాట్లాడకుండా సాధన కూడా మొదలుపెట్టవద్దు. ఇక పోటీ ఉదయం ముందుజాగ్రత్తగా ఒక నొప్పి మాత్ర వేసుకునే అలవాటు చాలామందిలో ఉంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి ఒంట్లో నీరు తగ్గిన వేళ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. అది పూర్తిగా మానుకోవలసిన అలవాటు.

కాలువలో ఈత వేరు, సముద్రంలో ఈత వేరు

మాస్టారు గోదావరి కాలువ గట్టున పెరిగినవారు. "ఈత గురించి నాకు చెప్పక్కరలేదు" అన్నారు మొదట. మన పల్లెల్లో బావిలో, కాలువలో నేర్చుకున్న ఈత ప్రాణం నిలుపుకోవడానికి మంచిదే. తల పైకెత్తి, చేతులు బాదుతూ వంద మీటర్లు పోవచ్చు. 750 మీటర్లు పోలేము. తల పైకి లేస్తే నడుము, కాళ్ళు దిగిపోతాయి. అప్పుడు మనిషి నీటిని ఎదురుగా తోసుకుంటూ ఎద్దు బండి లాగినట్టు లాగవలసి వస్తుంది. ముఖం నీటిలో ఉంచి, ఊపిరి నీటిలోకే వదిలి, పక్కకు తిరిగి గాలి తీసుకోవడం ఆయన మూడు నెలలు ఈత కొలనులో మళ్ళీ నేర్చుకున్నారు. తమ శిష్యుల వయసు పిల్లవాడి దగ్గర నేర్చుకోవలసి రావడం కొంచెం కష్టంగానే ఉండిందట.

25 మీటర్ల కొలనులో 30 సార్లు ఆగకుండా ఈదగలిగితే 750 మీటర్లు అవుతుంది. పోటీకి ముందు కనీసం వెయ్యి మీటర్లు నిదానంగా ఈదగలగాలని మా సలహా. ఎందుకంటే సముద్రంలో కొలను గోడ ఉండదు, అడుగున గీత కనబడదు, కాలు ఆనదు. పైగా పక్కన పదిమంది చేతులు, కాళ్ళు తగులుతుంటాయి. ఒక్కసారైనా, తెలిసినవారి తోడుతో, కాపలా ఉన్న చోట, తెరిచిన నీటిలో ఈది చూడకుండా పోటీకి వెళ్ళకూడదు. ఒంటరిగా మాత్రం ఎప్పుడూ దిగవద్దు.

ఇక పోటీ ఉదయం. ఈల వేయగానే అందరూ పరుగున నీటిలో దూకుతారు. మీరు దూకవద్దు. గుంపుకు వెనుక, ఒక పక్కగా నిలబడండి. పదిహేను అంకెలు లెక్కపెట్టి అప్పుడు దిగండి. ఆ పదిహేను సెకన్ల వల్ల పోయేదేమీ లేదు. దొరికేది ఖాళీ నీరు. మొదటి వంద మీటర్లు మీకు చాలా నెమ్మది అనిపించేంత నెమ్మదిగా ఈదండి. భయం, గుంపు, ఉత్సాహం మూడూ కలిసి గుండెను అప్పటికే పరుగెత్తిస్తుంటాయి; మీరు ఇంకా తోడు పెట్టనక్కరలేదు.

అయినా చాలామందికి మొదటి ఐదు నిమిషాలలో ఊపిరి ఆడనట్టు అనిపిస్తుంది. నిజానికి చాలాసార్లు జరిగేది ఏమిటంటే, భయంతో ఊపిరి బిగబట్టి, వదలకుండా మళ్ళీ పీల్చబోతారు. లోపల నిండుగా ఉంటే కొత్త గాలికి చోటెక్కడ? అప్పుడు వెల్లకిలా తిరగండి. ఆకాశం వైపు చూస్తూ, నోటితో పొడవుగా గాలి వదలండి. పది సార్లు. తర్వాత రొమ్ము మీద ఈతయినా, ఏ ఈతయినా ఈదవచ్చు. ఫలానా రకమే ఈదాలని నియమం లేదు. దారి పొడవునా కాపలాగా కయాక్ అనే చిన్న తెడ్డు పడవలు ఉంటాయి. చేయి ఎత్తి పిలిచి, దాన్ని పట్టుకుని విశ్రాంతి తీసుకోవచ్చు. పడవ మిమ్మల్ని ముందుకు లాగనంతవరకు అది తప్పు కాదు, పోటీ నుంచి తీసివేయరు. ఈ ఒక్క నియమం తెలియక, పట్టుకుంటే పరువు పోతుందని, ఓడిపోయినట్టే అని మొండిగా ఈదేవారున్నారు.

దారి తప్పకుండా ఉండడానికి ఎనిమిది పది చేతులకు ఒకసారి మొసలిలా కళ్ళు మాత్రం నీటి పైకి తెచ్చి రంగు బుడగను చూసుకోవాలి. తల మొత్తం ఎత్తవద్దు. మొదటిసారి వెళ్ళేవారు చాలామంది వంకరగా 750 మీటర్ల కంటే ఎక్కువే ఈదుతారు.

ఒక ప్రమాదాన్ని ప్రత్యేకంగా చెప్పాలి. ఈదుతుండగా ఆగని దగ్గు, ఎంత ఆగినా తగ్గని ఆయాసం, ఊపిరిలో గురగుర, గులాబి రంగు నురగ కఫం వస్తే అది భయం వల్ల వచ్చినది కాదు. ఊపిరితిత్తులలోకి ఒంట్లోని నీరే చేరుతోందని అర్థం. నీటిలో మునిగినప్పుడు కాళ్ళలోని రక్తం ఛాతీ వైపు చేరుతుంది. బి.పి. ఎక్కువగా ఉన్నవారిలో, ఈతకు ముందు లీటర్ల కొద్దీ నీళ్ళు తాగినవారిలో ఆ ఒత్తిడికి ఇలా జరిగే ప్రమాదం ఎక్కువ. వెంటనే చేయి ఎత్తాలి, నీటి నుంచి బయటికి రావాలి, పడుకోకుండా నిటారుగా కూర్చోవాలి, ఆక్సిజన్ పెట్టించుకోవాలి. ఆ రోజుకు పోటీ అక్కడితో ఆపాలి. మాస్టారికి 150 ఉండగా సంతకం పెట్టకపోవడానికి ఇదే అసలు కారణం.

ఒడ్డుకు వచ్చేముందు చివరి యాభై మీటర్లు కాళ్ళు కొంచెం ఎక్కువగా ఆడించండి. అప్పటిదాకా బోర్లా ఉన్న మనిషి ఒక్కసారిగా లేచి నిలబడితే తల తిరుగుతుంది. లేవండి, నడవండి. పరుగు వద్దు.

బూట్లు, హెల్మెట్

సైకిళ్ళు ఉంచే చోటును ట్రాన్సిషన్ అంటారు. ముందు రోజే అక్కడికి వెళ్ళి ఈత నుంచి ఏ దారిన రావాలో, సైకిలుతో ఏ దారిన పోవాలో నడిచి చూసుకోవాలి. వందల సైకిళ్ళ మధ్య తమ సైకిలు కనబడక ఏడుపు ముఖంతో తిరిగేవారు ప్రతి పోటీలోనూ ఉంటారు. ఒక రంగు తువ్వాలు కింద పరిచి, దాని మీద వాడుకునే వరుసలోనే సామాను పెట్టుకోండి. హెల్మెట్ తలకు పెట్టి, గడ్డం కింద పట్టీ బిగించిన తర్వాతే సైకిలు ముట్టుకోవాలి. ఇది నియమం, తప్పితే శిక్ష ఉంటుంది. గీత దాటాకే సైకిలు ఎక్కాలి. తిరిగి వచ్చాక గీతకు ముందే దిగాలి. ఇంట్లో వరండాలో నాలుగుసార్లు సాధన చేస్తే చాలు. మేజోళ్ళు వేసుకోవడానికి పట్టే అర నిమిషాన్ని మిగుల్చుకుని, పరుగులో కాలి బొబ్బలతో పది నిమిషాలు పోగొట్టుకోవద్దు.

సైకిలు మీద

దీని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఖరీదైన సైకిలు అవసరం లేదు. బ్రేకులు, టైర్లు సరిగా ఉన్న మామూలు గేర్ల సైకిలు చాలు. మొదటి పది నిమిషాలు తేలిక గేరులో తొక్కండి. ఈత అయిందన్న సంతోషంలో అందరూ ఇక్కడే శక్తి తగలేస్తారు. తొక్కుతూ ఒక పూర్తి వాక్యం చెప్పగలిగితే వేగం సరిగా ఉన్నట్టు. రెండు మాటలకు ఒకసారి ఊపిరి తీసుకోవలసి వస్తే ఎక్కువైనట్టు. ఎడమ పక్కగా ఉండండి, కుడి పక్క నుంచి దాటండి, ముందువారి చక్రానికి అంటుకుని పోవద్దు. అలా పోవడం చాలా పోటీలలో నిషేధం. పడితే ఇద్దరూ పడతారు. చివరి రెండు కిలోమీటర్లు మళ్ళీ తేలిక గేరులోకి మార్చి, కాళ్ళు వేగంగా, బరువు లేకుండా తిప్పండి.

ఎన్ని నీళ్ళు తాగాలి?

"బాగా నీళ్ళు తాగు, దాహం వేయకముందే తాగు" అని అందరూ చెబుతారు. మేమూ ఒకప్పుడు అలాగే చెప్పేవాళ్ళం. ఇప్పుడు అలా చెప్పడం లేదు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే నూటికి 13 మందిలో సోడియం, అంటే ఉప్పు, ఉండవలసినదానికంటే తక్కువగా ఉంది. ముగ్గురిలో ప్రాణాపాయ స్థాయికి పడిపోయింది. అలా పడిపోయినవారిలో ఎక్కువగా కనిపించినది, పరుగు మొదలుపెట్టినప్పటి కంటే ముగించేసరికి బరువు పెరగడం. అంటే చెమటగా పోయినదానికంటే ఎక్కువ నీరు తాగారన్నమాట. నీరు ఎక్కువై ఉప్పు పలచబడితే మెదడు వాస్తుంది. తలనొప్పి, వాంతులు, తికమక, ఫిట్స్ వస్తాయి. చూసేవారు ఎండ దెబ్బ అనుకుని ఇంకా నీళ్ళు పోస్తారు.

కాబట్టి దాహాన్ని బట్టి గుక్కెడు గుక్కెడుగా తాగాలి. మీ ఒంటి లెక్క మీకు తెలియాలంటే సాధన రోజుల్లో ఒక పని చేయండి. గంటసేపు పరుగుకు ముందు, తర్వాత, తడి తుడుచుకుని పల్చటి బట్టలతో బరువు చూసుకోండి. ఒక కిలో తగ్గితే సుమారు ఒక లీటరు చెమట పోయినట్టు. అదంతా మధ్యలోనే తాగి నింపనక్కరలేదు. బరువు పెరగకుండా ఉంటే చాలు. రెండు గంటల పోటీకి ఒక సీసా మామూలు నీళ్ళు, ఒక సీసా ఓ.ఆర్.ఎస్. సరిపోతాయి. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్ళలోనే కలపండి, చిక్కగా కలపవద్దు. ఓ.ఆర్.ఎస్. అని పేరు పెట్టుకుని అమ్మిన తీపి పానీయాలు వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లేని వాటి మీద ఆ మాట వాడకూడదని 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. హైదరాబాదులో ఒక పిల్లల డాక్టరమ్మ ఎన్నో ఏళ్ళు పోరాడితే వచ్చిన ఆదేశమది.

తిండికి పెద్ద ఏర్పాట్లు వద్దు. పోటీకి రెండు గంటల ముందు అలవాటున్న ఇడ్లీలు, కారం లేకుండా. సైకిలు మీద ఒక అరటిపండు. మీ ఒంటికి అలవాటు లేనిది, స్నేహితుడు ప్రేమగా ఇచ్చినా సరే, ఆ ఉదయం నోట పెట్టవద్దు.

పరుగు

సైకిలు దిగి పరుగు మొదలుపెట్టగానే కాళ్ళు మనవి కానట్టు, కొయ్యకాళ్ళలా ఉంటాయి. ఇది అందరికీ జరిగేదే. రెండు కండరాల పనులూ వేరు కనుక అవి సర్దుకోవడానికి కొంచెం సమయం పడుతుంది. వారానికి ఒకసారి సైకిలు దిగిన వెంటనే పదిహేను నిమిషాలు పరుగెత్తి అలవాటు చేసుకుంటే పోటీ రోజున బెదరరు. మొదటి కిలోమీటరు చిన్న అడుగులతో నెమ్మదిగా పోండి. నీళ్ళ బల్ల వచ్చినప్పుడల్లా ఆగి, నడుస్తూ తాగి, తల మీద, మెడ మీద నీళ్ళు పోసుకోండి. నాలుగో కిలోమీటరు దాటాక ఇంకా మాట్లాడగలుగుతుంటే అప్పుడు వేగం పెంచవచ్చు.

లెక్క తప్పితే ఏమవుతుందో తెలియడానికి ఒక ఉదాహరణ. 2016 సెప్టెంబరులో మెక్సికోలోని కోసుమెల్ ద్వీపంలో జరిగిన ప్రపంచ స్థాయి పోటీలో జానీ బ్రౌన్లీ అనే బ్రిటిష్ ఆటగాడు గెలుపుకు కొన్ని వందల మీటర్ల దూరంలో ముందున్నాడు. నెల క్రితమే రియో ఒలింపిక్స్‌లో వెండి పతకం గెలిచినవాడు. ఆ ఎండలో, ఆ వేగంలో ఒక్కసారిగా తూలిపోయి, ఏ దిక్కుకు పోతున్నాడో తెలియని స్థితికి వచ్చాడు. వెనుక వస్తున్న అన్న అలిస్టర్, రియోలో బంగారు పతకం గెలిచినవాడు, తన గెలుపు వదులుకుని తమ్ముడి చేయి భుజం మీద వేసుకుని మోసుకొచ్చి గీత దాటించాడు. మరొకడు గెలిచాడు. ప్రపంచంలో అగ్రస్థాయి ఆటగాడికి, ఏళ్ళ తరబడి శిక్షణ ఉన్నవాడికి ఒంటి వేడి అంత పని చేయగలదు. మన విశాఖ, నెల్లూరు, ఖమ్మం ఎండలు కోసుమెల్‌కు తీసిపోవు.

ఇంటివారు ఏం చూడాలి?

ఈ భాగం మాస్టారి భార్యకు చెప్పాము. పోటీలో ఉన్నవాడికి తన తికమక తనకు తెలియదు. చూసేవారికే తెలుస్తుంది. తూలుతూ నడవడం, అడిగినదానికి సంబంధం లేని జవాబు, ఎండలో చలి, రోమాలు నిక్కబొడుచుకోవడం, ఊరికే కోపం: వీటిలో ఏది కనబడినా ఆపించాలి. చెమట పడుతోంది కదా, ఎండ దెబ్బ కాదు అనుకోవద్దు; శ్రమ వల్ల వచ్చే ఎండ దెబ్బలో ఒళ్ళు చెమటతో తడిసే ఉండవచ్చు. ఒంటి వేడి 40 డిగ్రీలు దాటి, మనిషి తికమకపడుతుంటే అంబులెన్సు కోసం చూస్తూ కూర్చోకూడదు. వెంటనే వైద్య శిబిరానికి చేర్చి, ఐసు నీటి తొట్టిలో మెడ దాకా కూర్చోబెట్టాలి. తొట్టి లేకపోతే ఐసు నీళ్ళు పోస్తూ, తడి గుడ్డలు మారుస్తూ, విసరాలి. ముందు చల్లబరచడం, తర్వాతే తరలించడం. జ్వరం మాత్ర వేసి లాభం లేదు. తెలివి సరిగా లేని మనిషికి నోట్లో ఏమీ పోయవద్దు. ఛాతీ బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి ఉంటే ఇక ఆలోచించవలసినదే లేదు.

"ఎలా ఉంది అని అడిగితే బాగుందనే అంటారు కదండీ ఆయన" అన్నారు ఆమె. నిజమే. అందుకే ఎలా ఉందని అడగవద్దని చెప్పాము. ఆయన రోజూ చేసే పనిలోంచి ఒక ప్రశ్న వేయమన్నాము.

ఇంతా చేసి, అక్టోబరు పోటీకి మాస్టారు వెళ్ళలేదు. నాలుగు రోజుల ముందు జ్వరం వచ్చింది. పోటీ ముందురోజుకు తగ్గింది కూడా. కట్టిన రుసుము తిరిగి రాదు, రైలు టిక్కెట్లు కొన్నారు. మళ్ళీ మా దగ్గరికే వచ్చారు, ఈసారి ఒక్కరే. వైరల్ జ్వరం తర్వాత గుండె కండరానికి వాపు ఉండే అవకాశముంది, ఆ స్థితిలో గట్టి శ్రమ ప్రాణం తీస్తుంది, వద్దు అన్నాము. ఆ రోజు ఆయన ముఖం చూడలేకపోయాము.

ఫిబ్రవరిలో ఇంకొక పోటీకి వెళ్ళారు. అప్పటికి బి.పి. 128. ఈతలో రెండుసార్లు పడవ పట్టుకున్నారట. 750 మీటర్లకు 27 నిమిషాలు. సైకిలు, పరుగు కలిపి మొత్తం 2 గంటల 11 నిమిషాలు. నీళ్ళ బల్లల దగ్గర ప్రతిసారీ నడిచారు. ముగించాక పావుగంట కూర్చోకుండా మెల్లగా నడిచి, తర్వాత నీడలో మజ్జిగ అన్నం తిన్నారు. ముందు రోజు కంటే బరువు 900 గ్రాములు తక్కువ. మర్నాడు రాత్రి రైలుకు తిరిగి వచ్చి, ఆ వారమే ఇద్దరూ మా ఓ.పి.కి వచ్చారు. మాత్రలు ఇక మానేయవచ్చా అని అడిగారు. మానకూడదని చెప్పాము.

ఆమెను మేము అడిగాము, దారిలో ప్రశ్న వేశారా అని. పరుగు మూడో కిలోమీటరు దగ్గర గొడుగు పట్టుకుని నిలబడ్డారట. ఆయన ఎర్రబడ్డ ముఖంతో ఎదురుగా రాగానే, "పదిహేడు ఆరులు ఎంత?" అని అరిచారట.

"నూట రెండు. దారికడ్డం లే" అన్నారట మాస్టారు.